ఒకే కాగితం మీద పదిమంది రాస్తే?

మీ తరగతిలో టీచరుగారి బల్ల మీద హాజరు పట్టీ ఉంటుంది గదా. దాన్ని మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు. అందులో మీ పేరు ఎన్నో నంబరో కంఠతా వచ్చి ఉంటుంది కూడా. కాని ఎప్పుడైనా కలం తీసుకుని దానిలో ఒక గీత గీశారా? గీస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కర లేదు! పట్టీని చూడటం వేరు, దానిలో రాయడం వేరు. టీచరుగారు రాస్తారు. హెడ్మాస్టరుగారు అప్పుడప్పుడు తెప్పించుకుని చూసి సంతకం పెడతారు. మీరు చూస్తారు, అదీ కాస్త దూరంనుంచి.

అదే బడి వరండాలో గోడ పత్రిక ఉందనుకోండి. అక్కడి కథ వేరు. కథో, బొమ్మో, పొడుపు కథో ఎవరైనా అంటించవచ్చు. నోటీసు బోర్డు మళ్ళీ ఇంకో రకం. దాన్ని అందరూ చదవాలనే పెట్టారు. కాని దానికి అద్దం తలుపూ, తాళమూ ఉంటాయి. తాళంచెవి గుమాస్తాగారి దగ్గర ఉంటుంది. కాగితం ఒకటే, గోడకు అంటిస్తే ఒక పద్ధతి, అద్దం వెనక పెడితే మరో పద్ధతి. చిన్నప్పటినుంచీ వీటికి అలవాటుపడి ఉన్నాం గనక మనం వాటి గురించి ఆలోచించం.

కాగితం కంప్యూటరులోకి వెళ్ళిపోయాక అద్దమూ ఉండదు, తాళమూ ఉండదు, పక్కనే కూచుని కళ్ళెర్రజేసే టీచరుగారూ ఉండరు. ఎవరు చూడవచ్చు, ఎవరు రాయవచ్చు అన్న సంగతి ఎవరో ఒకరు యంత్రానికి విడమరిచి చెప్పాలి. ఆ ఎవరో ఒకరు ఈ రోజుల్లో చాలాసార్లు మీరే!

కాగితం ఎక్కడుంది?

ఆన్‌లైన్ డాక్యుమెంటు అనే మాట మీరు వినే ఉంటారు. గూగుల్ డాక్స్ వంటివి అన్నమాట. ఫోనులో తెరిస్తే కనిపిస్తుంది, ఇంట్లో కంప్యూటరులో తెరిస్తే కూడా అదే కనిపిస్తుంది. మీ స్నేహితుడు వాళ్ళ ఊళ్ళో తెరిస్తే అక్కడా అదే. అయితే అసలు కాగితం ఎక్కడుంది? మీ ఫోనులో లేదు. ఎక్కడో దూరాన, వేలాది కంప్యూటర్లు వరసలుగా పేర్చిన పెద్ద భవనంలో ఉంది. మీరు చూస్తున్నది దాని నీడ వంటిది. మీరు ఒక అక్షరం కొడితే ఆ వార్త అసలు కాగితం దగ్గరికి వెళుతుంది. అక్కడినుంచి మిగతా నీడలన్నింటికీ వెళుతుంది.

ఇందులో సుఖం ఏమిటో తెలియాలంటే ఇది లేని రోజుల సంగతి చూడాలి. ఒక వ్యాసం రాసి ఐదుగురు స్నేహితులకు మెయిలులో పంపారనుకోండి. ఐదుగురూ ఐదు చోట్ల దిద్ది తిప్పి పంపుతారు. ఇప్పుడు మీ దగ్గర ఆరు వ్యాసాలున్నాయి, ఏ రెండూ ఒకటి కావు. వాటన్నింటినీ కలిపి ఒకటి చేసేసరికి తలప్రాణం తోకకొస్తుంది.

ఈ బాధ కంప్యూటర్లతో పుట్టింది కాదు. తాటాకుల మీద కావ్యాలు రాసుకున్న రోజుల్లోనూ ఉంది. ఒకరి ప్రతి చూసి మరొకరు రాసుకునేవారు. రాస్తూ రాస్తూ ఒకరు అక్షరం మింగేవారు, మరొకరు తమకు నచ్చిన పద్యం చేర్చేవారు. పందొమ్మిదో శతాబ్దంలో సి. పి. బ్రౌన్ దొర కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, అనేక చోట్లనుంచి తెప్పించిన ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చి చూపించాడు. వేమన పద్యాలను ఆయన అచ్చువేయించింది 1829లో. ఏ ప్రతిలో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో ఆ తాటాకులు చెప్పలేవు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

రాత్రి పదకొండున్నరకు ఫోను

రెండేళ్ళ కిందటి మాట. మా మేనకోడలు పదో తరగతి. రాత్రి పదకొండున్నరకు ఫోను చేసింది.

"మావయ్యా, పుస్తకం పోయింది!"

"ఏ పుస్తకమే?"

"మా వీడ్కోలు సంచిక. యాభై రెండు పేజీలు. పొద్దున తొమ్మిదింటికి ప్రెస్సుకి ఇవ్వాలి. అంతా తుడిచేశారు. రవిని వెక్కిరిస్తూ ఒక్క లైను మాత్రం రాసి పెట్టారు."

(రవి అసలు పేరు కాదు. ఈ కథలో ఎవరి పేర్లూ అసలువి కావు.)

నెమ్మదిగా అడిగితే సంగతి బయటపడింది. సంచిక తయారుచేసే నలుగురినీ ఆమె పేరుపేరునా ఆ డాక్యుమెంటులో చేర్చింది. అంతవరకూ బాగానే ఉంది. తరగతిలో మిగతా ముప్ఫై ఆరుగురు తమ తమ జ్ఞాపకాలు రాయాలి. అంతమంది మెయిల్ చిరునామాలు ఎక్కించే ఓపిక లేక, "లింకు ఉన్నవారెవరైనా" అన్న చోట "ఎడిటర్" అని నొక్కి, లింకు తరగతి గ్రూపులో పడేసింది. ఆ లింకు తరగతి గ్రూపునుంచి ట్యూషన్ గ్రూపుకీ, అక్కడినుంచి వేరే సెక్షన్లకూ పాకింది.

ఇంతకంటే బాధాకరమైన సంగతి ఇంకొకటుంది. సంపాదకుల్లో ఒక పిల్లవాడు, శ్రీను అనుకోండి, ఆ రాత్రి అందరికంటే ఆఖరున డాక్యుమెంటులో పనిచేస్తూ కనిపించాడు. రవికీ అతనికీ అంతకుముందు ఏదో పేచీ ఉంది. ఇంకేం! "వాడే చేశాడు" అని గ్రూపులో తీర్పు ఇచ్చేశారు. పావుగంటలో డెబ్భై మెసేజీలు.

నేను ఆమెచేత కంప్యూటరు తెరిపించి, ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ చూడమన్నాను. అది తెరవగానే కుడివైపు తేదీలూ, గంటలూ, పేర్లూ వరసగా కనిపించాయి. 10 గంటల 40 నిమిషాలకు శ్రీను చేసిన పని ఉంది. ఏమిటో తెలుసా? "శాస్త్రఙ్ఞుడు" అని తప్పుగా ఉన్న మాటను "శాస్త్రజ్ఞుడు" అని నాలుగు చోట్ల దిద్దాడు. 11 గంటల 5 నిమిషాలకు యాభై రెండు పేజీలూ పోయాయి. దాని పక్కన ఎవరి పేరూ లేదు, "అనామకులు" అని మాత్రం ఉంది. లాగిన్ కాకుండా లింకుతో లోపలికొచ్చిన వాళ్ళను గూగుల్ డాక్స్ ఒక్కొక్క జంతువు పేరుతో చూపిస్తుంది, అనామక కంగారూ, అనామక తాబేలు అన్నట్టు. ఆ రాత్రి లోపల ఒక జంతుప్రదర్శనశాలే ఉంది.

10:40 నాటి ప్రతి మీద నొక్కి "పునరుద్ధరించు" అనగానే యాభై రెండు పేజీలూ తిరిగి వచ్చాయి. శ్రీను విషయం అంత తేలిగ్గా తేలలేదు. నిజం చెప్పాలంటే ఆ చరిత్ర అతను నిర్దోషి అని రుజువు చేయలేదు, అతను మరో ఫోనుతో అనామకంగా రావచ్చు గదా అని వాదించేవాళ్ళు వాదించారు. అతనే చేశాడనడానికి ఆధారం లేదని మాత్రమే అది చూపింది. ఈ రెండింటికీ తేడా ఉంది. సైన్సు చదువుకునే మీకు ఆ తేడా తెలియాలి. చేసిందెవరో ఈనాటికీ తెలియలేదు. శ్రీను రెండు రోజులు బడికి రాలేదట.

తాళాలు ఎన్ని రకాలు?

ఆమె చేసిన పొరపాటు ఎక్కడుంది? ఈ డాక్యుమెంట్లలో సాధారణంగా నాలుగు హోదాలుంటాయి. డాక్యుమెంటును సృష్టించినవారు యజమాని. ఎడిటర్ రాయవచ్చు, కొట్టివేయవచ్చు, చరిత్ర చూడవచ్చు. వ్యూయర్ చదవడం వరకే. ఈ ఇద్దరికీ మధ్య కామెంటర్ అనే హోదా ఉంది. మన వాళ్ళు దీన్ని తక్కువగా వాడతారు గాని నా లెక్కన ఇదే అన్నిటికంటే తెలివైనది. కామెంటర్ అసలు రాతను ముట్టుకోలేడు. "ఇక్కడ ఈ మాట ఇలా మారిస్తే బాగుంటుంది" అని పక్కన సూచన పెడతాడు. ఎడిటర్ ఒప్పుకుంటే అది రాతలో కలుస్తుంది, లేకపోతే లేదు. లైబ్రరీ పుస్తకం అంచున పెన్సిలుతో రాయడం వంటిది, కాకపోతే ఇక్కడ లైబ్రేరియను కోప్పడడు. ముప్ఫై ఆరుగురికీ ఈ హోదా ఇచ్చి ఉంటే వాళ్ళు రాసినవన్నీ సూచనలుగా వచ్చి నిలబడేవి. ఒక్క అక్షరం కూడా పోయేది కాదు.

"పనికి ఎంత అధికారం అవసరమో అంతే ఇవ్వాలి, ఒక్క పిసరు కూడా ఎక్కువ వద్దు" అనే సూత్రాన్ని 1975లో అమెరికాలోని ఎం.ఐ.టి.కి చెందిన జెరోమ్ సాల్జర్, మైకేల్ ష్రోడర్ అనే శాస్త్రజ్ఞులు తమ వ్యాసంలో స్పష్టంగా రాశారు. మన అమ్మమ్మలకు ఇది అంతకుముందే తెలుసు. పాలు పోసే అతనికి వీధి గుమ్మం వరకే రానిచ్చేవారు గాని బీరువా తాళాలు ఇచ్చేవారు కాదు!

హోదా ఒక ఎత్తు, దాన్ని ఎవరికిచ్చామన్నది మరో ఎత్తు. పేరుపేరునా ఇవ్వవచ్చు, లేదా లింకు దొరికినవాళ్ళందరికీ ఇవ్వవచ్చు. మొదటిది పెళ్ళివారి పేర్ల జాబితా పట్టుకుని గుమ్మంలో నిలబడటం వంటిది. రెండోది తాళంచెవికి నకళ్ళు తీసి పంచడం వంటిది.

లింకు ఎవరైనా ఊహించి కనుక్కుంటారేమో అని కొందరు భయపడతారు. ఆ భయం అక్కరలేదు. ఒక డాక్యుమెంటు లింకు చూడండి. మధ్యలో నలభైకి పైగా అక్షరాలు అర్థంపర్థం లేకుండా ఉంటాయి. చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలు 26, పెద్దబడి 26, అంకెలు 10, రెండు రకాల గీతలు, వెరసి 64 గుర్తులు. నలభై స్థానాలే లెక్కలోకి తీసుకుందాం. ఒక్కొక్క స్థానంలో 64 గుర్తుల్లో ఏదైనా ఉండవచ్చు గనక మొత్తం రకాలు 64ను 64తో గుణిస్తూ నలభై సార్లు వేస్తే వచ్చేటన్ని. అది 73 అంకెలున్న సంఖ్య! సెకనుకు వంద కోట్ల చొప్పున, విశ్వం పుట్టినప్పటినుంచీ, అంటే సుమారు 1380 కోట్ల సంవత్సరాలనుంచీ ఊహిస్తూ కూచున్నా ఇప్పటికి అయ్యే ప్రయత్నాల సంఖ్యకు 27 అంకెలే ఉంటాయి. తాళం బద్దలుకొట్టడం ఎవరివల్లా కాదు. చిక్కల్లా తాళంచెవి గ్రూపులో పడేయడంలో ఉంది. దానికి గణితం ఏమీ చేయలేదు.

బహిరంగ లింకు ఎప్పుడూ తప్పు అని కూడా అనుకోకండి. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో ఉప్పెన మన దేశాన్ని ముంచెత్తినప్పుడు ఆక్సిజన్ ఎక్కడ దొరుకుతుంది, ఏ ఆసుపత్రిలో మంచాలున్నాయి అనే వివరాలను ఎందరో యువకులు ఇటువంటి పట్టికల్లోనే ఎక్కించి అందరికీ తెరిచిపెట్టారు. అక్కడ తలుపు మూస్తే ప్రాణాలు పోతాయి. అందరూ చదవగలగాలి. అయితే అందరూ రాయగలిగితే? పనిచేయని ఫోను నంబరు ఒక్కటి చేరినా ఊపిరాడని మనిషి ఇంట్లోవాళ్ళు దాన్ని పట్టుకుని అరగంట పోగొట్టుకుంటారు. చదివేవారి జాబితా ఎంత పొడవుగా ఉంటే రాసేవారి జాబితా విషయంలో అంత జాగ్రత్త పడాలి.

ఇంకో చిన్న సంగతి. గూగుల్ డాక్స్‌లో మామూలుగా ఎడిటర్ కూడా కొత్తవాళ్ళను చేర్చగలడు. అది వద్దనుకుంటే యజమాని షేర్ పెట్టెలోని పళ్ళచక్రం గుర్తు నొక్కి ఆ అధికారం తీసేయవచ్చు. వ్యూయర్లు కాపీ చేసుకోకుండా కూడా ఆపవచ్చు. కాని తెర మీద కనిపించేదాన్ని మరో ఫోనుతో ఫొటో తీస్తే ఆపగల మీట ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

సంకేతపదాలన్నీ వీధిన పడ్డ రోజు

ఇదంతా ఎప్పుడు మొదలైంది? 1961లో ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బటో బృందం సి.టి.ఎస్.ఎస్. అనే ఏర్పాటును ప్రదర్శించింది. అంతకుముందు ఒక కంప్యూటరును ఒకసారి ఒకరే వాడేవారు. కోర్బటో యంత్రం తన కాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇచ్చేది. కొద్ది ఏళ్ళలో ముప్ఫై మంది దాకా ఒకేసారి పనిచేసేవారు. ఎవరి ఫైళ్ళు వారివి. అందుకని లోపలికి రావడానికి ఒక్కొక్కరికీ ఒక్కొక్క రహస్య సంకేతపదం పెట్టారు. మనం ఇప్పుడు పాస్‌వర్డ్ అంటామే, అదే.

1960ల మధ్యలో ఒకనాడు చిత్రం జరిగింది. ఆ కంప్యూటరులోకి ప్రవేశించినవారికి ముందుగా "నేటి విశేషం" అని ఒక చిన్న ప్రకటన అచ్చయి వచ్చేది. ఆ రోజు ప్రకటనకు బదులు వాడుకదారులందరి పేర్లూ, వారి సంకేతపదాలూ వరసగా అచ్చవడం మొదలుపెట్టాయి! లోపలికి వచ్చిన ప్రతివారికీ అదే కాగితం.

దొంగతనమేమీ జరగలేదు. కారణం చాలా చిన్నది. అక్కడ రాతపనికి వాడే ప్రోగ్రాము దిద్దుతున్న ఫైలును ఒక తాత్కాలిక ఫైలులో ఉంచుకునేది. ఆ తాత్కాలిక ఫైలుకు ఎప్పుడూ ఒకటే పేరు. ఒక చోట ఒకరే పనిచేస్తారులే అనుకుని అలా పెట్టారు. ఆనాడు ఇద్దరు ఉద్యోగులు ఒకే చోట, ఒకే వేళ పనిచేశారు. ఒకరు నేటి విశేషం దిద్దుతున్నారు, మరొకరు సంకేతపదాల జాబితా దిద్దుతున్నారు. ఇద్దరి తాత్కాలిక ఫైలూ ఒకటే అయ్యేసరికి ఒకరిది మరొకరిదానిలోకి పోయింది. ఒకే పలక మీద ఇద్దరు ఒకరికి తెలియకుండా ఒకరు రాసుకున్నట్టయింది. కోర్బటో 1990 సంవత్సరానికి ట్యూరింగ్ బహుమతి అందుకున్నప్పుడు చేసిన ఉపన్యాసంలో ఈ కథ తానే చెప్పుకున్నాడు. పెద్దవాళ్ళు తమ పొరపాట్లు చెప్పడం నాకు ఎప్పుడూ ఇష్టం.

ఆ తర్వాత అదే ఎం.ఐ.టి. వారు మరికొందరితో కలిసి మల్టిక్స్ అనే ఏర్పాటు రూపొందించారు. దాని పథకం గురించి 1965లో వెలువడిన వ్యాసంలో ప్రతి ఫైలుకూ ఒక జాబితా తగిలించాలన్నారు. ఎవరు చదవవచ్చు, ఎవరు రాయవచ్చు అని పేర్లతో సహా అందులో ఉంటుంది. ఈనాడు మీరు షేర్ అని నొక్కగానే కనిపించే పేర్ల పట్టిక ఆ జాబితాకు మనవడి వరస.

నీరుకట్టె పాము ప్రమాదం

అధికారాల సంగతి ఇలా కుదిరింది. రాసే అధికారం ఉన్న ఇద్దరు నిజంగానే ఒకే క్షణంలో రాస్తే?

1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీరు ఒక ప్రదర్శన ఇచ్చాడు. మౌస్‌ను లోకం చూసింది ఆనాడే. తెర మీద ఒక రాత ఉంది. ఎన్నో మైళ్ళ దూరంలో మెన్లో పార్క్‌లో కూచున్న అతని సహచరుడు కూడా అదే రాతను చూస్తూ తన బాణపుగుర్తుతో చూపిస్తున్నాడు. అక్కడ కూడా ఇద్దరికీ సమానాధికారం లేదు. దూరాన ఉన్నాయన వేలుపెట్టి చూపించగలడు గాని మార్చే పెత్తనం ఎంగెల్‌బార్ట్‌దే. మన వ్యూయర్, ఎడిటర్ తేడా ఆనాడే ఉంది చూశారా!

ఇద్దరూ సమానంగా రాయడం ఎందుకంత కష్టమో ఒక ఉదాహరణతో చూద్దాం. హైదరాబాదులో సీత, అమెరికాలో డల్లాస్‌లో ఆమె పిన్ని కొడుకు కిరణ్, ఇద్దరూ కలిసి పాముల గురించి వ్యాసం రాస్తున్నారు. రెండు ఊళ్ళకూ మధ్య సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తిన్నగా పోయినా వార్త చేరడానికి సెకనులో వందకు ఏడు వంతులు పడుతుంది. ఆ కాస్త సేపూ ఇద్దరి తెరల మీదా ఉన్నది ఒకే కాగితం కాదు! అందరం ఒకే డాక్యుమెంటు చూస్తున్నాం అనుకోవడం కొంచెం భ్రమే.

ఇద్దరి తెర మీదా ఈ వాక్యం ఉంది:

నీరుకట్టె పాము విషసర్పం కాదు కదా

మొత్తం ఐదు మాటలు. చివర "కదా" అనవసరమని సీత తీసేసింది. కంప్యూటరు "5వ మాట తీసెయ్" అని వార్త పంపింది. సరిగ్గా అదే క్షణంలో కిరణ్ వాక్యం మొదట్లో "చెరువులోని" అనే మాట చేర్చాడు. అతని తెర మీద ఇప్పుడు ఆరు మాటలున్నాయి. అప్పుడు సీత వార్త అక్కడికి చేరింది: "5వ మాట తీసెయ్." కిరణ్ కంప్యూటరు అమాయకంగా ఐదో మాట తీసేస్తే ఏం మిగులుతుందో లెక్కపెట్టి చూడండి:

చెరువులోని నీరుకట్టె పాము విషసర్పం కదా

విషం లేని పాముకు విషం వచ్చింది! ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. "5వ" అన్న మాటకు అర్థం దారిలో మారిపోయింది. ప్రార్థనకు వరసలో నిలబడినప్పుడు "ఐదో వాణ్ణి పిలుచుకురా" అని డ్రిల్లు మాస్టారు చెప్పి పంపేలోగా ముందు ఇంకొకడు వచ్చి నిలబడితే ఎలా ఉంటుందో అలాగే.

దీనికి విరుగుడును 1989లో టెక్సాస్‌లో పనిచేస్తున్న ఎల్లిస్, గిబ్స్ అనే ఇద్దరు ప్రకటించారు. వచ్చిన ఆజ్ఞను వచ్చినట్టే పాటించకూడదు. అది బయలుదేరిన తర్వాత ఇక్కడ ఏం మారిందో చూసి, ఆజ్ఞను ఆ మేరకు సవరించుకోవాలి. "ముందు ఒక మాట చేరింది, కాబట్టి సీత చెప్పిన 5 ఇప్పుడు 6" అని కిరణ్ కంప్యూటరు లెక్కవేసుకోవాలి. సీత వైపు చిక్కులేదు, మొదట్లో చేర్చమన్న ఆజ్ఞకు చివర మాట పోయినా తేడా ఉండదు. ఇద్దరి దగ్గరా "చెరువులోని నీరుకట్టె పాము విషసర్పం కాదు" అనే మిగులుతుంది.

వింటే ఇంతేనా అనిపిస్తుంది. కాని వారి మొదటి పద్ధతిలోనే లొసుగు ఉందని, కొన్ని వరసల్లో ఆజ్ఞలు వస్తే రెండు తెరలూ వేరువేరుగా తేలతాయని తర్వాతివారు కనిపెట్టారు. సవరణల మీద సవరణలు జరిగాయి. రైట్లీ అనే చిన్న ఆన్‌లైన్ రాతపెట్టె 2005లో వచ్చింది. మరుసటేడు దాన్ని గూగుల్ కొన్నది. అక్షరం అక్షరం వెంటనే కనిపించేట్టు కొత్త ఎడిటర్ 2010లో వచ్చింది. ఈనాడు గూగుల్ డాక్స్‌లో ఒకే డాక్యుమెంటును ఒకేసారి వంద మంది వరకు దిద్దవచ్చు. మరో దారి కూడా ఉంది. వరసలో ఎన్నోవాడు అని కాక పేరు పెట్టి పిలిస్తే ఏ గొడవా లేదు గదా! ప్రతి అక్షరానికీ మారని పేరొకటి తగిలించే ఆ పద్ధతులు ఇప్పుడు బాగా వాడుకలోకి వస్తున్నాయి.

నేను మాటలతో లెక్కపెట్టాను గాని యంత్రం ఇంకా చిన్న ముక్కలతో లెక్కపెడుతుంది. తెలుగులో ఆ ముక్కలు మనం అనుకునే అక్షరాలు కూడా కావు. "క్రి" మనకు ఒక అక్షరం. యంత్రానికి నాలుగు: క, పొల్లు, ర, గుడి. ఇద్దరు తెలుగులో ఒకే అక్షరం మీద కలబడితే గుడి ఒకరిది, హల్లు ఒకరిది అవడానికి అవకాశం ఉందన్నమాట.

యజమాని వెళ్ళిపోతే?

ఇలా వచ్చే ఆజ్ఞలను పారేయకుండా, ఎవరు పంపారో, ఎప్పుడు పంపారో గుర్తుతో సహా దాచుకుంటే అదే వెర్షన్ హిస్టరీ. బ్రౌన్ దొర పండితులకు దొరకనిది ఇదే. పాత ప్రతికి వెనక్కు వెళ్ళినా మధ్యలో జరిగినవి చెరిగిపోవు, వెనక్కు వెళ్ళడం కూడా చరిత్రలో మరో గీత అవుతుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో చాలా పుటలను ఎవరైనా దిద్దవచ్చు. అయినా అది నిలబడిందంటే ప్రతి పుటకూ వెనక ఇటువంటి చరిత్ర ఉండటం ఒక ముఖ్య కారణం.

ఒక్క మనిషి చేతిలో మాత్రం చరిత్ర కూడా నిస్సహాయం. యజమాని డాక్యుమెంటును చెత్తబుట్టలో వేస్తే గూగుల్ డ్రైవ్‌లో 30 రోజులు అక్కడ ఉంటుంది, తర్వాత అందరికీ పోతుంది. బడి ఇచ్చిన ఖాతాతో తయారుచేసినవి మీరు బడి వదిలాక ఖాతాతోపాటే పోవచ్చు. సొంత ఖాతాను రెండేళ్ళపాటు అసలు తెరవకపోతే తొలగించవచ్చని గూగుల్ 2023లో నియమం పెట్టింది. మా మేనకోడలు ఇప్పుడు కాలేజీకి వచ్చింది. ఆ సంచిక యాజమాన్యాన్ని ముందుగానే మరొకరి పేరుకు బదిలీ చేసింది. ఎవరికి చేశావే అని అడిగాను. శ్రీనుకట.

మీరే చేసి చూడండి

ఒక కొత్త డాక్యుమెంటు తెరిచి, స్నేహితుణ్ణి పేరు పెట్టి ఎడిటర్‌గా చేర్చండి. ఇద్దరూ వేరువేరు గదుల్లో కూచోండి. ఒకే ఖాళీ గీత మీద, ఒకే చోట కర్సర్ పెట్టండి. ఒకటి, రెండు, మూడు అని గట్టిగా అనుకుని మీరు "ఏనుగు" అనీ, అతను "చీమ" అనీ ఒకే క్షణంలో కొట్టండి. రెండు మాటలూ విడివిడిగా వచ్చాయా, కలగలిసి వచ్చాయా? రెండు తెరల మీదా ఒకటే కనిపిస్తోందా? పదిసార్లు చేసి ప్రతిసారీ రాసిపెట్టుకోండి. తర్వాత మీ స్నేహితుణ్ణి ఎడిటర్ హోదానుంచి కామెంటర్‌కు మార్చి, అదే పని మళ్ళీ చేయండి. ఈసారి చీమ ఏ రంగులో, ఎక్కడ కనిపించిందో చూడండి.